కొత్తవారు లినక్స్ వాడవచ్చా?

కంప్యూటరు మీట నొక్కుతాం. తెర మీద ఏదో గుర్తు కనిపిస్తుంది. కొద్ది క్షణాలు గడిచాక బొమ్మలు, బొత్తాలు వరసగా వచ్చి నిలుస్తాయి. అప్పుడు మనం పని మొదలుపెడతాం. ఆ కొద్ది క్షణాల్లో లోపల ఏం జరిగిందో ఎప్పుడైనా ఆలోచించారా?

కంప్యూటరు అంటే ఒక పెట్టెలో బిగించిన విద్యుత్ పరికరాల కట్ట. దానికి అక్షరం అంటే తెలియదు, బొమ్మ అంటే తెలియదు. ఎవరో ఒకరు లోపల నిలబడి, "నువ్వు ఇది చెయ్యి, నువ్వు కాస్త ఆగు" అని చెప్పి పని చేయించాలి. ఆ పెద్దరికం చేసే ప్రోగ్రామునే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన ఇళ్ళలో, బళ్ళలో ఎక్కువగా కనిపించేది విండోస్. ఇది కాక లినక్స్ అని మరొకటి ఉంది. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. దీని లోపలి నిర్మాణాన్ని ఎవరైనా విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. "అయితే మనం కూడా వాడదాం" అనగానే, "అమ్మో, అది పండితులకే గాని మనకు కాదు" అనే మాట వినిపిస్తుంది. ఈ మాటలో నిజమెంత? కంప్యూటరు అప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థి లినక్స్ జోలికి వెళ్ళవచ్చా? కొంచెం వివరంగా చూద్దాం.

స్టేషను మాస్టరు ఉద్యోగం

విజయవాడ వంటి పెద్ద జంక్షను ఒకటి ఊహించుకోండి. నాలుగు దిక్కుల నుంచి రైళ్ళు వస్తుంటాయి. ఏ రైలును ఏ ప్లాట్‌ఫారం మీదకు రానివ్వాలి, దేన్ని బయట సిగ్నలు దగ్గర ఆపాలి, దేన్ని ముందు పంపాలి అనేది చూసేవారు లేకపోతే ఏమవుతుంది? ఒక్క గంటలో అంతా చిందరవందర అయిపోతుంది.

కంప్యూటరులో రైళ్ళు ప్రోగ్రాములు. ప్లాట్‌ఫారాలు ర్యామ్‌లోని ఖాళీ జాగాలు. ఆపరేటింగ్ సిస్టమ్ స్టేషను మాస్టరు. మీరు ఒక పక్క పాట వింటూ, మరో పక్క పాఠం టైపు చేస్తున్నారనుకోండి. రెండూ ఒకేసారి నడుస్తున్నట్లే ఉంటుంది. కాని ప్రాసెసరులోని ఒక్కొక్క భాగం ఒక క్షణంలో ఒక పనే చేయగలదు. అందుచేత ఆపరేటింగ్ సిస్టమ్ సెకనులో కొన్ని వేయవ వంతుల సేపు పాటకు, మరి కొన్ని వేయవ వంతుల సేపు టైపుకు అవకాశం ఇస్తూ తిప్పుతూ ఉంటుంది. ఈ మార్పు అతి వేగంగా జరుగుతుంది కనుక మన కంటికి, చెవికి తెలియదు. సినిమాలో విడివిడి బొమ్మలు కదలికగా కనిపించినట్లే ఇదీ.

ఒక ప్రోగ్రాము ర్యామ్‌లో మరో ప్రోగ్రాము జాగాలోకి చొరబడకుండా కాపలా కాయడం, ఫైళ్ళను డిస్కులో సర్ది మళ్ళీ అడిగినప్పుడు తీసి ఇవ్వడం, కీబోర్డుతోను ప్రింటరుతోను మాట్లాడడం కూడా దాని పనులే. ఈ పనులన్నిటికీ కేంద్రమైన భాగాన్ని కెర్నెల్ అంటారు. కెర్నెల్ అంటే గింజలోని పప్పు అని అర్థం. అసలు లినక్స్ అనే పేరు ఈ పప్పుదే.

సమాధానమా? లెక్క చేసిన విధమా?

లెక్కల పుస్తకం చివర జవాబులు ఇస్తారు కదా! "జవాబు 42" అని ఉంటుంది. అది సరైనదే కావచ్చు. కాని 42 ఎలా వచ్చిందో ఆ పేజీ చెప్పదు. మాస్టారు బోర్డు మీద అంచెలంచెలుగా చేసి చూపిస్తే మాత్రం ఎలా వచ్చిందో తెలుస్తుంది. తప్పు ఉంటే పట్టుకోవచ్చు. అదే పద్ధతిలో మరో లెక్కా చేసుకోవచ్చు.

ప్రోగ్రాములకూ ఈ రెండు రూపాలు ఉన్నాయి. ప్రోగ్రాము రాసేవారు మనిషి చదవగల భాషలో రాస్తారు. దీన్ని సోర్స్ కోడ్ అంటారు. దాన్ని యంత్రానికి అర్థమయ్యే సున్నాలు, ఒకట్లుగా మారుస్తారు. విండోస్ కొన్నప్పుడు మనకు దొరికేది ఈ రెండో రూపమే. జవాబు ఉంటుంది, లెక్క చేసిన విధం ఉండదు. లినక్స్‌లో రెండూ దొరుకుతాయి. ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు అనీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనీ పిలుస్తారు.

ఇక్కడ మన తెలుగువారికి ఒక సదుపాయం ఉంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకే రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి ఉచితం, రెండోది స్వేచ్ఛ. ఈ తికమక తీర్చడానికి ఇంగ్లీషువారు పేజీలకు పేజీలు రాయవలసి వచ్చింది. మనకు ఆ బాధ లేదు. గుడి దగ్గర పంచే ప్రసాదం ఉచితం. పంజరం తలుపు తీస్తే చిలుకకు దొరికేది స్వేచ్ఛ. లినక్స్‌లో రెండూ ఉన్నా, దాన్ని కట్టినవారికి ముఖ్యమైనది రెండోదే.

ఒక ప్రింటరు, ఒక విద్యార్థి

1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు పనిచేసేవాడు. వారి ప్రయోగశాలకు ఒక కొత్త లేజర్ ప్రింటరు వచ్చింది. మంచి యంత్రమే గాని అందులో తరచు కాగితం ఇరుక్కునేది. ప్రింటరు వేరే చోట ఉండడంతో, అచ్చుకు పంపినవాళ్ళు చాలాసేపు ఎదురుచూసి, తీరా వెళ్ళి చూస్తే పని మధ్యలో ఆగిపోయి ఉండేది. అంతకు ముందున్న పాత ప్రింటరు ప్రోగ్రామును స్టాల్‌మన్ స్వయంగా సవరించాడు. కాగితం ఇరుక్కుంటే అది అందరికీ కబురు పంపేది. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. ఆ కోడ్ ఉన్న ఒక పరిశోధకుణ్ణి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానంటూ ఆయన నిరాకరించాడు.

బాగుచేయడం తెలిసినవాడు ఎదురుగా ఉన్నా బాగుచేయనివ్వని ఈ పద్ధతి స్టాల్‌మన్‌కు నచ్చలేదు. 1983 సెప్టెంబరు 27న, అందరూ చదివి మార్చుకోగల పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారు చేస్తానని ఆయన ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. చాలా భాగాలు సిద్ధమయ్యాయి. కాని అసలైన కెర్నెల్ మాత్రం సిద్ధం కాలేదు.

ఇక్కడ రంగంలోకి వచ్చినవాడు ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్ళు. తన సొంత కంప్యూటరు ఎలా పనిచేస్తుందో లోతుగా తెలుసుకోవాలన్న కుతూహలంతో ఒక కెర్నెల్ రాయసాగాడు. 1991 ఆగస్టు 25న ఈ సంగతి తోటివారికి తెలియజేస్తూ, ఇది సరదాకి చేస్తున్న పనేననీ, పెద్దదేమీ కాబోదనీ అన్నాడు! ఆ సెప్టెంబరులో బయటికి వచ్చిన మొదటి రూపంలో సుమారు 10,000 వరసల కోడ్ ఉంది. నేడు అది 3 కోట్ల వరసలు దాటింది. 1992లో ఆయన దాన్ని గ్నూ వారి లైసెన్సు కింద విడుదల చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు దాని సోర్స్ కోడ్ కూడా వారికి అందుబాటులో ఉంచాలి. ఇదే ఆ లైసెన్సులోని కీలకం. గ్నూ భాగాలకు లినక్స్ కెర్నెల్ తోడయ్యేసరికి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. అందుకే దీన్ని గ్నూ/లినక్స్ అనాలంటారు కొందరు.

మీరు ఇప్పటికే వాడుతున్నారు!

"ఇంత జరిగినా మా ఊళ్ళో ఎవరూ వాడడం లేదే" అంటారా? మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని లోపల ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్‌తో నడిచేవే. భూమి దాటి కూడా వెళ్ళింది లినక్స్. 2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహం మీద మొట్టమొదటిసారి ఎగిరిన 'ఇంజెన్యూటీ' అనే బుల్లి హెలికాప్టరులో, మొబైల్ ఫోన్లలో వాడే రకం ప్రాసెసరు మీద లినక్స్ పనిచేసింది. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్న ఆ హెలికాప్టరు 2024 జనవరి వరకు 72 సార్లు ఎగిరింది.

మన దేశం సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సి-డాక్ 2007లో 'బాస్' అనే లినక్స్ రకాన్ని భారతీయ భాషలతో విడుదల చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో మీ వయస్సు పిల్లలే లినక్స్ మీద పాఠాలు నేర్చుకుంటున్నారు. అందుకోసం అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి ప్రత్యేకంగా ఒక లినక్స్ రకాన్ని తయారు చేసి బడులకు ఇస్తోంది. కాబట్టి పిల్లలకు లినక్స్ రాదు అనడం సరికాదు.

'లినక్స్ రకం' అన్నాను. అదేమిటి? కెర్నెల్ అనే పప్పు ఒకటే. దానికి తెర అలంకరణ, టైపు చేసే ప్రోగ్రాము, బొమ్మలు గీసే ప్రోగ్రాము వగైరాలు చేర్చి మూట కట్టి ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఒక్కొక్క మూటను డిస్ట్రిబ్యూషన్ లేక క్లుప్తంగా 'డిస్ట్రో' అంటారు. 1993లో మొదలైన డెబియన్, 2004లో వచ్చిన ఉబుంటు, 2006లో వచ్చిన లినక్స్ మింట్ వీటిలో పేరుపొందినవి. విండోస్‌కు అలవాటుపడిన కొత్తవారికి మింట్ తేలికగా ఉంటుంది. ఎడమవైపు కింద మెనూ, కుడివైపు కింద గడియారం, అన్నీ అలవాటైన చోటనే కనిపిస్తాయి. డెబియన్ మంచిదా, ఉబుంటు మంచిదా అని పోట్లాడుకునేవారిని మీరు చూస్తారు. ఆ తగాదాలో తలదూర్చనక్కరలేదు. ఏదో ఒకటి తీసుకుని దానితో నెల రోజులు గడపండి.

చిక్కులు లేవా?

ఉన్నాయి. వాటిని ముందుగా తెలుసుకుంటే మంచిది.

మొదటిది, విండోస్ కోసం తయారైన ప్రోగ్రాములు లినక్స్‌లో మామూలుగా నడవవు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు బదులు లిబ్రె ఆఫీసు ఉంటుంది. బొమ్మలు దిద్దడానికి ఫొటోషాపుకు బదులు జింప్ ఉంటుంది. బడి పనులకు ఇవి బాగా సరిపోతాయి. అయితే ఒకదానిలో తయారుచేసిన ఫైలును మరొకదానిలో తెరిస్తే పేజీలు, పట్టికలు ఒక్కొక్కసారి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. మీ నాన్నగారు దుకాణం లెక్కలు టాలీలో రాస్తున్నారా? మీ అన్నయ్య డి.టి.పి. సెంటరు నడుపుతూ అను ఫాంట్లతో పెళ్ళి శుభలేఖలు కొడుతున్నాడా? అయితే ఆ కంప్యూటరులోంచి విండోస్‌ను తీసివేయకూడదు. అది కుటుంబానికి అన్నం పెట్టే యంత్రం. దానితో ప్రయోగాలు వద్దు.

రెండోది, కొన్ని పరికరాలు మొండికేస్తాయి. కొత్త పరికరంతో మాట్లాడడానికి కెర్నెల్‌కు డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావాలి. కొందరు తయారీదారులు లినక్స్‌కు డ్రైవరు ఇవ్వరు. తమ పరికరం పనిచేసే వివరాలూ చెప్పరు. స్టాల్‌మన్‌కు ఎదురైన ప్రింటరు కథే మళ్ళీ! అందువల్ల కొన్ని వైఫై పరికరాలు, కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర చదివే మీటలు పనిచేయకపోవచ్చు.

మూడోది ఆటలు. చాలా ఆటలు ఇప్పుడు లినక్స్‌లో కూడా ఆడవచ్చు. కాని ఇంటర్నెట్‌లో పదిమందితో కలిసి ఆడే ఆటల్లో, మోసాన్ని పట్టే ప్రోగ్రాములు ఉంటాయి. అవి కొన్ని లినక్స్‌ను ఒప్పుకోవు.

నాలుగోది, సహాయం. విండోస్‌లో ఏదైనా తేడా వస్తే వీధి చివర రిపేరు షాపు అబ్బాయి సరిచేస్తాడు. లినక్స్ తెలిసినవారు అన్ని ఊళ్ళలోనూ ఉండరు. చాలాసార్లు మీరే చదివి, వెతికి, సరిచేసుకోవాలి. చిక్కు నిజంగా చిక్కే. కాని నేర్చుకునే వయస్సులో ఉన్నవారికి ఇదే పెద్ద లాభం కూడా.

తలుపులు తీసిన ఇల్లు భద్రమేనా?

మీలో చురుకైనవారికి ఈపాటికి ఒక సందేహం వచ్చి ఉండాలి. సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకు కూడా కనిపిస్తుంది కదా! వాళ్ళు లోపాలు వెతికి, లోపలికి జొరబడరా?

ఈ ప్రశ్నకు 2024లో జరిగిన ఒక సంఘటన చాలా సంగతులు నేర్పుతుంది. ఫైళ్ళను కుదించే 'ఎక్స్-జెడ్' అనే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉండే ఈ ప్రోగ్రామును ఎన్నో ఏళ్ళుగా ముఖ్యంగా ఒకే ఒక్క వ్యక్తి, తీరిక వేళల్లో, జీతం లేకుండా సాకుతున్నాడు. సాయం చేస్తానంటూ మారుపేరుతో ఒకరు వచ్చారు. రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించారు. చివరకు దూరం నుంచి కంప్యూటరులోకి దూరేందుకు వీలుగా ఒక దొంగదారిని ఎంతో నేర్పుగా అందులో దాచారు.

దీన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన వేరే పని మీద కంప్యూటరు వేగాన్ని కొలుస్తున్నాడు. దూరపు కంప్యూటరులోకి ప్రవేశించడానికి మామూలు కంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలివేయలేదు. ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోయి దొంగదారిని కనిపెట్టి, 2024 మార్చి 29న లోకానికి వెల్లడి చేశాడు. అప్పటికి అది ఎక్కువగా పరీక్ష దశలో ఉన్న డిస్ట్రోల్లోకే వెళ్ళింది. మామూలు ప్రజలు వాడే స్థిరమైన వాటిలోకి ఇంకా చేరలేదు. పెద్ద గండం తప్పింది.

దీన్ని బట్టి ఏం తేలింది? తలుపులు తీసి ఉండడం వల్లనే దొంగ లోపలికి రాగలిగాడు. తలుపులు తీసి ఉండడం వల్లనే దారిన పోయే మనిషి తొంగి చూసి దొంగను పట్టుకోగలిగాడు. కనుక 'ఓపెన్ సోర్స్ కాబట్టి తప్పక భద్రం' అనడమూ తప్పే, 'ఓపెన్ సోర్స్ కాబట్టి ప్రమాదం' అనడమూ తప్పే. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన చాలదు, చూసే కళ్ళు కూడా ఉండాలి. రేపటి ఆ కళ్ళు మీవి ఎందుకు కాకూడదు?

చేసి చూడండి

లినక్స్‌ను కంప్యూటరులో ఎక్కించకుండానే చూసే ఉపాయం ఒకటి ఉంది. పెన్ డ్రైవ్ నుంచే దాన్ని నడపవచ్చు. దీన్ని 'లైవ్' పద్ధతి అంటారు. కెర్నెల్‌తో సహా కావలసినవి పెన్ డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి వచ్చి పనిచేస్తాయి. మీరుగా హార్డ్ డిస్కును తాకనంతవరకు విండోస్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంట్లో పెద్దవారితోనో, బళ్ళో కంప్యూటరు మాస్టారితోనో చెప్పి ఈ ప్రయోగం చేయండి.

కావలసినవి: 8 గిగాబైట్ల పెన్ డ్రైవ్ ఒకటి, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు. పెన్ డ్రైవ్‌లో పాత ఫొటోలు, పాటలు ఏమైనా ఉంటే ముందే వేరేచోట దాచుకోండి. ఈ ప్రయోగంలో అవన్నీ చెరిగిపోతాయి.

మొదట లినక్స్ మింట్ వారి సొంత వెబ్‌సైటు నుంచే ఫైలు దించుకోండి. అది సుమారు 3 గిగాబైట్లు ఉంటుంది. దించుకున్నది అసలైనదేనా అని సరిచూడాలి. 2016 ఫిబ్రవరిలో దుండగులు ఆ వెబ్‌సైటులోకే చొరబడి, అసలు ఫైలుకు బదులు నకిలీ ఫైలు అందేలా చేశారు. సరిచూడడం ఎలా? ప్రతి ఫైలుకూ వేలిముద్ర వంటి 64 అక్షరాల సంకేతం ఒకటి లెక్కకట్టవచ్చు. ఫైలులో ఒక్క సున్నా ఒకటిగా మారినా ఈ సంకేతం పూర్తిగా మారిపోతుంది. వెబ్‌సైటులో ఇచ్చిన సంకేతమూ, మీ ఫైలుకు వచ్చిన సంకేతమూ ఒకటే అయితే ఫైలు దారిలో చెడిపోలేదన్నమాట. వెబ్‌సైటే దొంగల చేతికి చిక్కితే సంకేతాన్ని కూడా మార్చగలరు కదా! అందుకే దాని మీద తయారీదారులు చేసే డిజిటల్ సంతకాన్ని సరిచూసే విధానాన్ని కూడా అక్కడే వివరిస్తారు.

తరువాత రూఫస్ వంటి ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్ డ్రైవ్‌లోకి రాయించండి. మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. కంప్యూటరును ఆపి, పెన్ డ్రైవ్ గుచ్చి, మళ్ళీ మీట నొక్కిన వెంటనే ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, ఎస్కేప్ గాని నొక్కితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. ఏ మీట అనేది కంప్యూటరును బట్టి మారుతుంది. పెన్ డ్రైవ్‌ను ఎంచుకోండి.

ఇప్పుడు ఒక కాగితం మీద పట్టిక గీసుకుని ఒక్కొక్కటీ పరీక్షించండి. వైఫై అందుతోందా? శబ్దం వస్తోందా? కెమెరా, ప్రింటరు పనిచేస్తున్నాయా? తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా? మూత వేసి తీస్తే కంప్యూటరు నిద్ర లేస్తోందా? ఈ పట్టికే మీ కంప్యూటరుకు లినక్స్ సరిపోతుందో లేదో చెబుతుంది. ఇతరుల అభిప్రాయాల కంటే ఇది నమ్మదగినది. పెన్ డ్రైవ్ నుంచి చదవాలి కనుక అంతా కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని చూసి నిరుత్సాహపడకండి. డిస్కులో ఎక్కిస్తే వేగం పెరుగుతుంది. కంప్యూటరు ఆపగానే లైవ్‌లో చేసిన మార్పులన్నీ మాయమవుతాయని కూడా గుర్తుంచుకోండి.

నల్లని తెర మీద ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌ను చూసి చాలామంది జంకుతారు. రోజువారీ పనులకు దాని అవసరం దాదాపు ఉండదు. కాని సరదాకి తెరిచి చూడండి. 'ఎల్', 'ఎస్' అన్న రెండు ఇంగ్లీషు చిన్న అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే, మీరున్న చోట ఏయే ఫైళ్ళు ఉన్నాయో వరసగా చెబుతుంది. ఒక్క జాగ్రత్త! ఎవరో చెప్పారని అర్థం తెలియని ఆజ్ఞలు కొట్టవద్దు. ముఖ్యంగా 'సుడో' అనే మాటతో మొదలయ్యే ఆజ్ఞకు యజమాని అధికారం ఉంటుంది. అది కంప్యూటరులో దేన్నయినా చెరిపివేయగలదు.

తెలుగు మాటేమిటి?

తెలుగు లిపికి యూనికోడ్‌లో ప్రత్యేకమైన స్థానం ఉంది. కాబట్టి లినక్స్‌లో తెలుగు చదవడం, రాయడం ఇబ్బంది కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక గల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులో ఉంటుంది. 'క' ఉన్న మీట మీదనే హిందీ 'క', కన్నడ 'క' కూడా ఉంటాయి. ఒకటి నేర్చుకుంటే అన్నీ వచ్చినట్లే. లోహిత్, పోతన వంటి తెలుగు ఫాంట్లను స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

మెనూలు, సందేశాలు కూడా తెలుగులో చూడవచ్చు. ఈ అనువాదాల్లో చాలా భాగం స్వచ్ఛందంగా పనిచేసేవారి చలవే. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' అనే సంస్థ విద్యార్థుల సాయంతో ఇలాంటి కృషి చేసి, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. అనువాదాలు ఇంకా పూర్తి కాలేదు. కొన్నిచోట్ల సగం తెలుగు, సగం ఇంగ్లీషు కనిపిస్తుంది. కొన్ని మాటలు కృతకంగా కూడా ఉంటాయి. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే పంపవచ్చు. పెద్దలు సరిచూసి బాగుందనుకుంటే, వచ్చే రూపంలో అది ప్రపంచంలోని తెలుగువారందరి తెరల మీదా కనిపిస్తుంది. ప్రోగ్రాములు రాయడం రాకపోయినా, తెలుగు బాగా వచ్చినవారికి ఇక్కడ పని ఉందన్నమాట.

మరి ఏం చేయాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఆ తరువాత కొంతకాలం అదనపు రక్షణ పొందే ఏర్పాటు ఉన్నా అది పరిమితమైనదే. విండోస్ 11కు కొన్ని కొత్త భాగాలు కావాలి కనుక చాలా పాత కంప్యూటర్లలో అది ఎక్కదు. వాటిలో ప్రాసెసరు బాగానే ఉంటుంది, తెర బాగానే ఉంటుంది. కేవలం సాఫ్ట్‌వేరు కాలం చెల్లినందువల్ల మంచి యంత్రాలు పాత సామాన్ల వాళ్ళ పాలవుతున్నాయి. 4 గిగాబైట్ల ర్యామ్ ఉంటే మింట్ చక్కగా నడుస్తుంది. బళ్ళో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లకు లినక్స్‌తో మరి కొన్నేళ్ళ ఆయుష్షు పోయవచ్చు. కొత్తవి కొనే స్తోమతు లేని బడికి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి మన ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పలేం. ఇంట్లో ఒకే కంప్యూటరు ఉండి, అందరూ దాని మీదే ఆధారపడి ఉంటే పెన్ డ్రైవ్ లైవ్ పద్ధతితో ఆగండి. పరీక్షల ముందు ప్రయోగాలు పెట్టుకోకండి. ఎవరూ వాడని పాత కంప్యూటరు దొరికితే మాత్రం వెనకాడకండి. పూర్తిగా లినక్స్ ఎక్కించండి. విండోస్ పక్కనే లినక్స్ కూడా ఉంచుకోవాలంటే అదీ వీలవుతుంది. అయితే ముందుగా ఫైళ్ళన్నీ వేరే డిస్కులో భద్రం చేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల సంకేతాన్ని రాసి పెట్టుకోవాలి. ఆ సంకేతం లేక సొంత ఫైళ్ళకే దూరమైనవారు ఉన్నారు.

సైకిలు తొక్కడం వచ్చిన ప్రతివాడూ దాన్ని విప్పి బిగించడం నేర్చుకోడు. నేర్చుకోనక్కరలేదు కూడా. కాని చైను ఊడినప్పుడు నడిరోడ్డు మీద కూర్చుని తానే ఎక్కించుకోగలిగినవాడికి సైకిలంటే భయం పోతుంది. లినక్స్ చేసే మేలు కూడా అలాంటిదే. ముందు ఆ పెన్ డ్రైవ్ ప్రయోగం చేయండి. పట్టికలో ఏవి పనిచేశాయో, ఏవి పనిచేయలేదో రాసుకోండి. పనిచేయనిది ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవడానికి ప్రయత్నించండి. అర సెకను తేడా ఎందుకు వచ్చిందని అడిగిన ఇంజనీరు కూడా అలాగే మొదలుపెట్టాడు కదా!